చేతిలో ఫోను, ఖాతాలో సొమ్ము: రైతులు నేర్వవలసిన పాఠము

సంఘ సభ్యులగు రైతు సోదరులకును, సోదరీమణులకును ఈ నెల మేము చెప్పదలచిన పాఠము విత్తనమును గూర్చినది కాదు. ఎరువును గూర్చినది కాదు. ఇంచుమించు ప్రతి యింటను ఉండు సెల్‌ఫోనును గూర్చినది. దీనికిని సేద్యమునకును సంబంధమేమని కొందరు తలపవచ్చును. కాని ధర్పల్లి, సిరికొండ, డిచ్‌పల్లి ప్రాంతముల రైతునకు వడ్లు తూచిన పిదప సొమ్ము నేడు చేతికి రాదు, ఖాతాలో పడును. పడినదను వార్త ఫోనునకు వచ్చును. ఎకరమునకు పంటకు 6000 రూపాయల చొప్పున 2025 జనవరిలో మొదలిడిన రైతు భరోసాకును, ఏటికి 6000 రూపాయలు మూడు విడతలుగా వచ్చు కేంద్రమువారి కిసాన్ సమ్మాన్ నిధికిని ఇదియే దారి. పట్టా వివరములు చూచుకొనుటకును, నిజామాబాదు మార్కెట్టులో పసుపు ధర తెలిసికొనుటకును, దుబాయిలోనో మస్కటులోనో కష్టపడుచున్న కుమారునితో మాటాడుటకును ఫోనే సాధనము.

ఇన్ని పనులు చేయు వస్తువును చేతబట్టుకొని దాని మర్మము తెలియకుండుట, ధాన్యము నిండిన గాదెకు తాళము వేయుట తెలియకుండుట వంటిది. ఆరు నెలలు చెమటోడ్చి పండించిన పంట సొమ్ము రెండు నిమిషములలో పరుల పాలైన సంగతులు పత్రికలలో తరచుగా చదువుచున్నాము. ఆ సొమ్ము పోయిన ఇంట విత్తనములకు మరల అప్పు, అప్పునకు వడ్డీ తప్పవు. కావున ఈ పాఠమును చదువ నేర్చినవారు చదివి, చదువరానివారికి వినిపింపవలెనని కోరుచున్నాము.

1. ఫోననగా నేమి?

నేటి ఫోను మాటాడు యంత్రము మాత్రమే కాదు. అరచేత నిముడు కంప్యూటరు. ఇంటర్నెట్టు అనునది లోకములోని కంప్యూటర్లనన్నిటిని కలుపు బాట. మన యూరి బాట ధర్పల్లికిని, ధర్పల్లి బాట నిజామాబాదునకును, అచ్చటనుండి హైదరాబాదునకును కలిసినట్లే, మన ఫోను ఈ బాట మీదుగా బ్యాంకుతోను, కచేరీతోను, మార్కెట్టుతోను కలియును. బాట యున్నచోట బేరగాడును వచ్చును, దొంగయు వచ్చును. దొంగ వచ్చునని బాటను త్రవ్వివేయు గ్రామము లేదు. ఇంటి తలుపునకు గడియ వేసికొందురు. మనము నేర్వవలసినదియు ఆ గడియను గూర్చియే.

ఇచ్చట నొక సంగతి స్పష్టముగా తెలిసికొనవలెను. మన సొమ్ము ఫోనులో లేదు, బ్యాంకులో నున్నది. ఫోను తాళపుచెవి మాత్రమే. ఫోను పగిలినను సొమ్ము పోదు. తాళపుచెవి పరులకు చిక్కినచో, ఫోను మన చేతిలోనే యున్నను సొమ్ము పోవును. ఈ రెండు వాక్యములు మనసున పట్టినవానికి ఈ పాఠములో సగము వచ్చినట్లే.

2. నాటి వేలిముద్ర, నేటి ఆరంకెలు

పూర్వము మన పల్లెలలో నాగు ధాన్యమునకో, పెండ్లి ఖర్చునకో సాహుకారు వాకిట నిలిచిన రైతు, కాగితములో నేమున్నదో తెలియకయే బొటనవ్రేలి ముద్ర వేసెడివాడు. ముద్ర పడిన పిదప కాగితముపై అంకెలు పెరిగెడివి, భూమి తరిగెడిది. అట్టి బాధనుండి రైతును తప్పించుటకే 1904లో బ్రిటిషిండియాలోను, 1914లో నిజాము రాష్ట్రములోను సహకార పరపతి సంఘముల చట్టములు వచ్చినవి. చదువకుండ ముద్ర వేయరాదనుట సంఘములు నేర్పిన మొదటి నీతి.

నేడు ఆ బొటనవ్రేలి స్థానమున ఓటీపీ వచ్చినది. ఖాతానుండి సొమ్ము తీయవలెనన్నను, ఖాతా వివరములు మార్చవలెనన్నను బ్యాంకువారు మన ఫోనునకు సాధారణముగా ఆరంకెల సంఖ్యను పంపుదురు. అది ఒక్కసారికి మాత్రమే, కొద్ది నిమిషములు మాత్రమే చెల్లును. ఆ సంఖ్య చెప్పుటయనగా వేలిముద్ర వేయుటయే. ఏ పని నిమిత్తము, ఎంత సొమ్ము నిమిత్తము అది వచ్చినదో ఆ సందేశములోనే చాలవరకు వ్రాసియుందురు. సందేశము ఇంగ్లీషులో నున్నచో ఇంటి పిల్లలచేత చదివించుకొనుడు. చదువకుండ అంకెలు మాత్రము చూచి చెప్పువాడు, తెల్లకాగితముపై ముద్ర వేసిన పూర్వపు రైతుకంటె భిన్నుడు కాడు.

ఫోనులో పలుకరించి ఓటీపీ అడుగు వ్యక్తి యెవడైనను సరే, చెప్పరాదు. బ్యాంకు మేనేజరునని చెప్పినను, వ్యవసాయాధికారినని చెప్పినను, తుదకు మన సంఘపు కార్యదర్శినని చెప్పినను చెప్పరాదు. అయితే మీసేవ కేంద్రములోనో, సంఘ కార్యాలయములోనో మనమే ఎదుట కూర్చుండి కోరిన పనికి ఓటీపీ రావచ్చును. అది వేరు. అప్పుడును సందేశము చదివించుకొని, మనము కోరిన పనికే వచ్చినదని తెలిసికొని, పిదప ఇయ్యవలెను. మనము కోరని ఓటీపీ ఇంటికి వచ్చినచో, ఎవడో మన తలుపు తట్టుచున్నాడని యర్థము. దానిని ఎవరికిని చెప్పక, బ్యాంకువారికి ఆ సంగతి తెలుపవలెను.

3. తాళములు

మొదటి తాళము ఫోను తెరకు వేయునది. 1234, పుట్టిన సంవత్సరము, ఫోను సంఖ్య చివరి యంకెలు, ఇవి తాళములు కావు, ఎవడైనను ఊహింపగలడు. రెండవ తాళము సొమ్ము పంపు యాపునకుండు పిన్ను. ఈ రెంటికి ఒకే సంఖ్య పెట్టరాదు. పిన్నును పాసుపుస్తకము అట్టమీదను, ఫోను వెనుకను వ్రాయుట, గాదె తాళపుచెవిని గాదెకే వ్రేలాడదీయుట వంటిది. మూడవది వాట్సాపులోని తాళము. దాని సెట్టింగులలో ఖాతా అను విభాగమున రెండంచెల ధ్రువీకరణ అను ఏర్పాటు కలదు. అందొక ఆరంకెల సంఖ్య పెట్టుకొన్నచో, మన పేరిట నింకొకడు వాట్సాపు తెరచుట కష్టమగును.

ఖాతాకు జతచేసిన ఫోను సంఖ్యను నిర్లక్ష్యము చేయరాదు. గల్ఫు దేశములకు పోయినవారు ఇచ్చటి సంఖ్యకు రీఛార్జి చేయక విడిచిపెట్టుదురు. అట్లు విడిచిన సంఖ్యను కంపెనీవారు కొంతకాలమునకు వేరొకరికిచ్చెదరు. అప్పుడు మన ఖాతా సందేశములు ఆ వేరొకరికి పోవును. కావున సంఖ్య మార్చినవారు వెంటనే బ్యాంకులోను, ఆధారులోను కొత్త సంఖ్యను ఎక్కించుకొనవలెను.

ఇంకొక పని యున్నది. ఫోనులో *#06# అని నొక్కినచో పదునైదంకెల గుర్తు సంఖ్య కనబడును. పశువునకు చెవిపోగు ఎట్టిదో ఫోనునకు ఇది అట్టిది. దానిని కాగితముపై వ్రాసి ఇంట నుంచుకొనుడు. ఫోను పోయినచో పోలీసువారికి ఫిర్యాదు చేసి, 2023లో కేంద్ర టెలికాం శాఖవారు ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను ఎవ్వరికిని పనికిరాకుండ నిలిపివేయింపవచ్చును. మన పేరిట ఎన్ని సిమ్ములున్నవో కూడ అందే చూచుకొనవచ్చును. మనము తీసికొనని సిమ్ము కనబడినచో అది మనది కాదని అచ్చటనే తెలుపవచ్చును.

4. రాకడకు తాళపుచెవి అక్కరలేదు

2016లో ప్రారంభమైన యూపీఐ పద్ధతివలన అంగడిలో పది రూపాయలైనను ఫోనుతో చెల్లించుచున్నాము. దీనిలోని ముఖ్యసూత్ర మొకటి. రామడుగు ప్రాజెక్టు జలాశయములోనికి వాన నీరు వచ్చుటకు తూము తెరువనక్కరలేదు. నీరు బయటికి పోవుటకే తూము తెరువవలెను. అట్లే సొమ్ము మనకు వచ్చుటకు పిన్ను నొక్కనక్కరలేదు. పిన్ను కావలసినది సొమ్ము పోవుటకును, మన ఖాతా నిలువ చూచుకొనుటకును మాత్రమే. కావున సొమ్ము వచ్చునని చెప్పి పిన్ను నొక్కుమనువాడు తప్పక దొంగ. ఇందుకు మినహాయింపు లేదు.

క్యూఆర్ కోడును కెమెరాతో చూచుట సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు గాదు. ఒక ఉదాహరణము తీసికొందము. మీరు ట్రాలీ యమ్మదలచి ఫోనులో ప్రకటించితిరి. ఎవడో పలికి, బేరమాడక యే ధరకైనను సరేనని, బయానా పంపుచున్నాను, ఈ కోడును స్కాను చేయుడని చిత్రము పంపును. స్కాను చేసి పిన్ను నొక్కినచో బయానా రాదు. మన ఖాతాలోనిదే పోవును. బేరమాడని బేరగాడు సంతలో కనబడిన మనమెంత యనుమానింతుమో, ఫోనులోను అంత యనుమానింపవలెను.

మరియొక మాయ కలదు. 1,500 పంపబోయి 15,000 పంపితిని, తక్కినది మరల పంపుడని యొకడు దీనముగా నడుగును. సొమ్ము జమయైనట్లు సందేశమొకటి చూపును. ఆ సందేశము బ్యాంకు పంపినది కాదు. వాడే వ్రాసి పంపినది. చెరకు తోలిన బోధను ప్రాంతపు రైతునకు కాటా చీటీ విలువ చెప్పనక్కరలేదు. నోటిమాటతో తూకము తేలదు. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను ఆ నీతి మూతపడలేదు. సందేశము నోటిమాట, ఖాతాలోని నిలువ కాటా చీటీ. బ్యాంకు యాపు తెరచియో, పాసుపుస్తకము ముద్రింపించియో నిలువ పెరిగినదని చూచిన పిదపనే నమ్మవలెను. పసుపు, మక్కలు కొన్నవాడు చెల్లించినట్లు తన ఫోను తెర చూపినప్పుడును ఇదియే పద్ధతి. వాని తెర కాదు, మన ఖాతా చూడవలెను.

మనమే సొమ్ము పంపునప్పుడు, పిన్ను నొక్కుటకు ముందు పుచ్చుకొనువాని పేరు తెరమీద కనబడును. ఆ పేరు చదువకుండ నొక్కరాదు.

5. తలను గాదు, తోకను చూడుడు

వెబ్‌సైటునకు చిరునామా యుండును. ఉత్తరముపై ఊరి పేరు, తాలూకా, జిల్లా వ్రాసినట్లే ఇదియు భాగములుగా నుండును. అసలైన యజమాని యెవరో తెలుపునది మొదటి భాగము కాదు, తుది భాగము. మొదటి యేటవాలు గీత వచ్చువరకు చదివి, దానికి ముందున్న తోకను చూడవలెను. ప్రభుత్వముల వెబ్‌సైట్లకు తోక సాధారణముగా ‘గవ్ డాట్ ఇన్’. కిసాన్ సమ్మాన్ నిధికి ‘పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్’. తెలంగాణ భూమి రికార్డులకు ‘భూభారతి డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్’. బ్యాంకులు 2025 అక్టోబరు నెలాఖరులోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అను తోకకు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఈ తోకలను ఇతరులకు ఇయ్యరు. కాని తలయందు పీఎంకిసాన్ అనియో, రైతు అనియో తగిలించి, తోక డాట్ కామ్ అనియో మరియొకటియో పెట్టుకొనుట ఎవడైనను చేయగలడు. పశువును కొనునప్పుడు కొమ్ములకు పూసిన రంగు చూచి మోసపోము, ఇచ్చటను అట్లే.

బ్యాంకువారి ఫోను సంఖ్య కావలసినచో ఇంటర్నెట్టులో వెదకరాదు. దొంగలు తమ సంఖ్యలను బ్యాంకుల పేర్లతో అచ్చట పెట్టుచున్నారు. పాసుపుస్తకము మీదను, ఏటీఎం కార్డు వెనుకను ఉన్న సంఖ్యయే సరియైనది.

6. విత్తనములలో వయ్యారిభామ

యాపులను ఫోనుతో వచ్చిన ప్లే స్టోరునుండియే తీసికొనవలెను. అచ్చటను అచ్చముగా నన్నియు మంచివే యనలేము. అయినను కొంత పరీక్ష జరుగును. వాట్సాపులో వచ్చు యాపునకు ఏ పరీక్షయు లేదు. అట్టి దానిని ఏపీకే అందురు. దాని పేరు చివర ఆ మూడక్షరములుండును. కిసాన్ నిధి జాబితాయనియు, బండి చలానాయనియు, బ్యాంకు కేవైసీయనియు, తుదకు పెండ్లి పత్రికయనియు పేర్లు పెట్టుకొని ఇవి వచ్చుచున్నవి. విత్తనములతో కలిసి వచ్చిన వయ్యారిభామ గింజవలె, ఒకసారి నాటుకొన్నచో చేనంతయు ఆక్రమించును.

ఇది పనిచేయు తీరు వినుడు. దానిని నొక్కగనే, తెలియని చోటినుండి వచ్చిన యాపును అనుమతింతురా యని ఫోనే ప్రశ్నించును. అవునన్నచో అది లోన ప్రవేశించి, మీ సందేశములు చదువుటకు అనుమతి నడుగును. దానికిని అవునన్నచో, మీకు వచ్చు ఓటీపీలు మీరు చూడకముందే దొంగకు చేరును. మీరెవరికిని ఏ సంఖ్యయు చెప్పకయే సొమ్ము పోవును. అంతటితో నాగక, మీ ఫోనులోని బంధుమిత్రులందరికి మీ పేరిటనే ఆ గింజలను పంపును. కావున తెలిసినవారు పంపిరి గదా యని నమ్మరాదు. వారి ఫోను ముందే చెడియుండవచ్చును. ఫోను చేసి, ఇది మీరే పంపితిరా యని అడుగుడు.

పొరపాటున నొక్కినచో వెంటనే ఫోనులోని ఇంటర్నెట్టును నిలుపుడు. విమానపు గుర్తుగల మీటను నొక్కినచో అన్ని దారులును మూతపడును. పిదప వేరొక ఫోనునుండి బ్యాంకునకు పలికి ఖాతాను నిలిపివేయింపుడు. ఆ యాపును తీసివేసి, తెలిసినవారిచేత ఫోనును మొదటి స్థితికి తెప్పించుకొనుడు. అట్లు చేసినచో ఫోనులోని ఫోటోలు మొదలగునవి పోవును గాన, ముఖ్యమైన కాగితముల నకళ్లు ముందునుండియే వేరొకచోట నుంచుకొనుట మంచిది.

7. వ్రేళ్ల ముద్రలను కాపాడుకొనుట

ముద్ర మన వ్రేలినంటియే యుండునని నిశ్చింతగా నుండరాదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారములో నొక సిమ్ముల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో అందరికి కనబడుచుండిన భూమి దస్తావేజులనుండి వేలిముద్రలను తీసి, రబ్బరు ముద్రలుగా చేయించి, వానితో పరుల పేరిట సిమ్ములను చలామణి చేసెను. పోలీసులు వానిని పట్టుకొనిరి. ఆ ముద్రలు మనవంటి క్రయవిక్రయదారులవే. ఆధారు ముద్రతోనే బ్యాంకు ఖాతానుండి నగదు తీయు వసతి యున్న ఈ కాలమున ఇది చిన్న సంగతి కాదు.

దీనికి తాళము కలదు. ఆధారు సంస్థవారి వెబ్‌సైటులోగాని, వారి యాపులోగాని బయోమెట్రిక్ లాక్ అను ఏర్పాటున్నది. అది వేసినచో ఆ ముద్ర ఎచ్చటను చెల్లదు. ముద్రతో రేషను, పింఛను తీసికొనువారు ఆ దినమున తాళము తీసి, పని యైన పిదప మరల వేయవలెను. ఇంత పని కష్టమనుకొనువారు మరొక జాగ్రత్తయైనను పాటింపుడు: ముద్ర వేసి నగదు తీసినప్పుడెల్ల రసీదు అడిగి తీసికొనుడు, ముద్ర పడలేదు, మరల వేయుడనినచో మొదటిది ఎందుకు పడలేదో తెరమీద చూపుమని యడుగుడు.

8. ఆశ, భయము, తొందర

మాయలు నెలకొకటి పుట్టుచుండును. అన్నిటిని మేము వ్రాయజాలము. కాని దొంగ చేతి పనిముట్లు మూడే: ఆశ, భయము, తొందర. లాటరీ తగిలినదనుట, రెట్టింపు లాభమనుట ఆశ. మీ కుమారుడు దుబాయిలో పోలీసులకు చిక్కెననుట, మీ పేరిట కేసున్నదనుట భయము. ఈ గంటలోనే చేయనిచో విడత ఆగిపోవుననుట తొందర. వీడియోలో పోలీసు దుస్తులతో కనబడి, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది విడిచి కదలరాదని బెదరించువారు కలరు. అట్టి అరెస్టు మన దేశపు చట్టములో లేనేలేదు. ఫోను పెట్టివేయుడు. కొడుకు పేరిట కొత్త సంఖ్యనుండి సొమ్మడిగినచో, పాత సంఖ్యకు ఫోను చేయుడు. లేదా ఇంటివారికి మాత్రమే తెలిసిన సంగతి యొకటి యడుగుడు. గొంతును కూడ యంత్రములు అనుకరించు కాలమిది. ఏ పనికైనను ఒక గంట యాగి, ఇంటిలో ఇంకొకరితో ఆలోచించిన వానివద్ద దొంగ యాటలు సాగవు.

9. ఫోను చేయు మేలు

ఇంత చెప్పినందున ఫోనును మూల బెట్టుడని మా యభిప్రాయము కాదు. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైనది. సంవత్సరమునకు రెండుమార్లయినను అందు మీ సర్వే సంఖ్య, విస్తీర్ణము, పేరు చూచుకొనుడు. పూర్వము పహాణీ నకలు కొరకు పట్వారీ యింటిచుట్టు తిరిగిన తాతలకు లేని వసతి ఇది. తప్పు కనబడినచో తహసీలు కచేరీకి వ్రాతమూలకముగా తెలుపుడు.

2016 ఏప్రిల్‌లో దేశమున 21 మార్కెట్లతో ఈనామ్ ప్రారంభమైనప్పుడు అందు నిజామాబాదు ఒకటి. పసుపు బస్తాలు బండికెత్తుటకు ముందే ఆ దినపు ధరలను ఈనామ్‌లోను, అగ్‌మార్క్‌నెట్టులోను చూచుటకు అయిదు నిమిషములు చాలును. వాతావరణ శాఖవారును ఇతర సంస్థలును కలిసి 2019లో వెలువరించిన మేఘదూత్ యాపు తెలుగులోను సేద్యపు సలహాల నిచ్చును. మందు పిచికారి చేయుటకు ముందు వాన సూచన చూచుకొన్నచో మందును, కూలియును దక్కును. చదువరానివారికి 2004లో స్థాపించిన కిసాన్ కాల్ సెంటరు కలదు. 1800-180-1551 అను సంఖ్యకు ఉదయము 6 గంటలనుండి రాత్రి 10 గంటలవరకు ఖర్చు లేకుండ పలికి తెలుగులోనే యడుగవచ్చును.

10. సొమ్ము పోయినచో మొదటి గంట

ఎంత జాగ్రత్తపరుడైనను ఒకప్పుడు మోసపోవచ్చును. అప్పుడు చేయవలసిన మొదటి పని 1930 అను సంఖ్యకు ఫోను చేయుట. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి ఇంకొక ఖాతాకు, అచ్చటనుండి మరియొక దానికి మళ్లించి, తుదకు నగదుగా తీసికొనును. 2021లో ఏర్పడిన పద్ధతి ప్రకారము, మన ఫిర్యాదు అందగనే ఆ సొమ్ము చేరిన బ్యాంకునకు కబురు పోవును. ఇంకను అచ్చట నున్నంతవరకు వారు దానిని నిలిపివేయుదురు. కాలువ గట్టు తెగినప్పుడు మొదటి గంటలో వేసిన తట్టెడు మన్ను, మరునాడు వేసిన బండెడు మన్నుకంటె మేలు. ఇదియు అట్టిదే.

ఫోను చేయునప్పుడు ఖాతా సంఖ్య, పోయిన మొత్తము, పోయిన వేళ, యూపీఐ ద్వారా పోయినచో పండ్రెండంకెల లావాదేవీ సంఖ్య దగ్గరనుంచుకొనుడు. సందేశములను తుడిచివేయకుడు, అవియే సాక్ష్యము. పిదప బ్యాంకునకు వ్రాతమూలకముగా తెలిపి రసీదు పుచ్చుకొనుడు. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ అను వెబ్‌సైటులోగాని, పోలీసు ఠాణాలోగాని ఫిర్యాదు నమోదు చేయింపుడు.

రిజర్వు బ్యాంకువారు 2017లో ఇచ్చిన ఉత్తరువులో, తన తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండ సొమ్ము పోయిన ఖాతాదారుడు మూడు పనిదినములలోగా తెలిపినచో నష్టము వానిది కాదనియు, రహస్యసంఖ్యను తానే చెప్పినచో బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము వానిదేయనియు, తెలిపిన తరువాత జరిగినది బ్యాంకుదనియు నిర్ణయించిరి. అనగా తప్పు మనదైనను తెలుపుటవలన లాభమే. పదిమందిలో నవ్వులపాలగుదుమని దాచినవారు సొమ్మునకు తోడు గడువును గూడ పోగొట్టుకొందురు. మోసపోయినవానిని చూచి నవ్వు గ్రామము దొంగకు సాయము చేయు గ్రామము.

సంఘము చేయవలసినది

దేశములోని 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చు కార్యక్రమమునకు 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చినది. అప్పు, వాయిదా, ఎరువుల ఖాతా అన్నియు తెరమీదికి వచ్చు కాలమున, సభ్యుడు ఆ తెరను చదువనేర్వనిచో సంఘము తనదనుట మాటవరుసకే యగును. కావున ప్రతి సంఘములోను నెలకొక సాయంకాలము, చదువుకొన్న యువకులు పెద్దలకును స్త్రీలకును ఫోను వాడుక నేర్పవలెనని మా మనవి. నేర్పువారు ఫోనును తమ చేతికి తీసికొనరాదు. నేర్చువారి వ్రేలితోనే నొక్కింపవలెను. పరుల పిన్నును అడుగరాదు, చూడరాదు. ఈత నేర్పువాడు తాను ఈది చూపినంతమాత్రమున చాలదు గదా.

ఈ క్రింది ప్రశ్నలకు ఇంటిల్లిపాది సమాధానములు చెప్పుకొని చూడుడు.

సొమ్ము మనకు వచ్చుటకు పిన్ను కావలెనా?

కోరని ఓటీపీ వచ్చినచో నేమి చేయవలెను?

వెబ్‌సైటు ప్రభుత్వముదని దేనిని చూచి తెలిసికొందురు?

పెండ్లి పత్రిక ఏపీకేగా వచ్చినచో పంపినవారిని ఏమని యడుగుదురు?

మీ ఫోను గుర్తు సంఖ్య ఏ కాగితముపై వ్రాసియున్నది?

మీ యింటిలో ఫోను వాడు పెద్దవారికి 1930 అను సంఖ్య తెలియునా? తెలియనిచో ఈ పత్రిక మడిచిపెట్టుటకు ముందే గోడమీద పెద్ద యంకెలతో వ్రాయుడు.